పంటి బిగువు

అమ్ములూ,

పండక్కి వచ్చినప్పుడు మూడు రాత్రులు నా పక్కన పడుకున్నావు. మూడు రాత్రులూ పళ్లు కొరికావు. మొదటి రాత్రి అటక మీద ఎలకేమో అనుకుని లైటు వేశాను. చూస్తే నువ్వు. దవడ బిగుసుకుపోయి ఉంది, పిడికిళ్లు కూడా. పొద్దున మీ అమ్మతో అంటే, "నులిపురుగులై ఉంటాయక్కా, మాత్ర వేస్తే పోతుంది" అంది. మన ఇళ్లల్లో పళ్లు కొరికేవాళ్లందరికీ అదొక్కటే వైద్యం. ఇరవయ్యారేళ్ల పిల్లకి నులిపురుగుల మాత్రేమిటే అనబోయి ఊరుకున్నాను.

సంక్రాంతి నాడు ఇంకోటి చూశాను. అమ్మమ్మ కళ్లజోడు కనబడక నీ మీద కేకలేసింది. నువ్వు వెతుకుతూ వెతుకుతూ, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ, దయచేసి లైన్లో ఉండండి" అన్నావు. ఇల్లంతా ఒకటే నవ్వులు. నువ్వూ నవ్వావు, కానీ అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి. నువ్వు సరదాకి అనలేదు తల్లీ. నోట్లోంచి దానంతటదే జారిపడింది.

ఫోన్లో అడిగితే "బానే ఉన్నాను పెద్దమ్మా" అంటావు. ఆ గొంతు నాకు తెలుసు. 1982 నుంచి 2018 దాకా ముప్ఫై ఆరేళ్లు బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని నేనూ అదే గొంతుతో మాట్లాడాను. అందుకే ఈసారి ఫోను చెయ్యకుండా రాస్తున్నాను. క్యాబ్‌లో పోతూ చదవకు, తీరిగ్గా చదువు.

ముందు నా పళ్ల సంగతి. నలభై ఆరో ఏట ఒక దవడపన్ను సలుపుతుంటే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నోట్లో దీపం వేసి చూసి, "ఏం నమిలారమ్మా ఇన్నేళ్లు?" అన్నాడు. పైవీ కిందివీ ఒకదాన్నొకటి రాసుకుని రాసుకుని చదునైపోయాయట. ఒకటి నిలువునా చీలింది. "పంటి బిగువున నెట్టుకొచ్చాను" అని మనం మాటవరసకి అంటాం చూడు, నా విషయంలో అది మాటవరస కాదు. మీ పెదనాన్నకి తెలియని సంగతి, నాకే తెలియని సంగతి, ఆయన తన చిన్న అద్దంలో చూసి చెప్పాడు. రాత్రుళ్లు పళ్లకి పెట్టుకోమని ఒక ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చాడు. ఇప్పటికీ వాడుతున్నాను. నీకూ ఒకటి చేయించాలి, ఆ ఖర్చు నాది.

ఆఫీసులో మనసులో ఉన్నదంతా దాచుకోకుండా కక్కెయ్ అని చెప్పడానికి కాదు ఇదంతా. అలా చెప్పేవాళ్లు కౌంటర్లో ఒక్కపూటైనా కూర్చుని ఉండరు. కౌంటరుకి ఒక మొహం కావాలి. నువ్వు ఆరోగ్య బీమా హెల్ప్‌లైనులో కూర్చుంటావు. అవతల ఆసుపత్రి వరండాలో నిలబడి, డిశ్చార్జి బిల్లు చేతిలో పట్టుకుని, అప్రూవల్ రాలేదని ఏడుస్తూనో తిడుతూనో ఒకాయన ఫోను చేస్తాడు. నువ్వూ ఏడిస్తే ఆయన పని కాదు, నువ్వూ అరిస్తే అసలే కాదు. ఆ గొంతు నిలకడగా ఉంచడం కూడా పనే. దానికి జీతం స్లిప్పులో గడి లేదు, అంతే తేడా.

ఆర్లీ హోక్‌షీల్డ్ అని అమెరికాలో ఒక సమాజ శాస్త్రవేత్త 1983లో ఈ సంగతి మీద పుస్తకమే రాసింది. ఆవిడ విమానాల్లో పనిచేసే అమ్మాయిల్నీ, బాకీలు వసూలు చేసేవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకళ్లకి నవ్వడం నేర్పుతారు, ఇంకొకళ్లకి కరుకుగా ఉండడం నేర్పుతారు. రెండూ మనసుతో చేసే కూలిపనులేనని ఆవిడ తేల్చింది. రిటైరయ్యాక ఆ సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా బ్రాంచిలో పొద్దున డిపాజిట్లకి నవ్వు, మధ్యాహ్నం లోను రికవరీకి కరుకు, రెండూ నేనే చేసేదాన్ని.

ఆ కూలి భారం ఎవరి మీద పడుతుందో ఇంకో ఇద్దరు చూపించారు. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ అనేవాళ్లు కొంతమందికి ఒళ్లు జలదరించే ఆపరేషన్ దృశ్యాలు చూపించారు. కొందరిని మామూలుగా చూడమన్నారు. కొందరినేమో, ఎవరైనా మీ మొహం చూస్తే మీకేమనిపిస్తోందో తెలియకూడదన్నారు. వాళ్లు మొహాలు బాగానే దాచారు. ఒంటికి తగిలించిన మిషన్లు మాత్రం వేరే కథ చెప్పాయి. చర్మం మీద చెమట పెరిగింది, లోపల ఒళ్లు ఇంకా ఉలిక్కిపడింది. అసహ్యం ఆవగింజంత కూడా తగ్గలేదు. మొహాన్ని ఆపితే మనసు ఆగదన్నమాట. ఆ తర్వాత 2000లో అదే గ్రాస్, జేన్ రిచర్డ్స్ అనే ఆవిడతో కలిసి చూస్తే, మొహం దాచుకునే పనిలో ఉన్నవాళ్లకి అప్పుడు విన్న వివరాలు తక్కువ గుర్తున్నాయి.

ఈ చివరిది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1994లో ఒకరోజు ఒక పెద్దమనిషి కౌంటరు దగ్గర పదిమందిలో నన్ను అనరాని మాటొకటి అన్నాడు. నవ్వుమొహంతో మింగేశాను. అరగంట తర్వాత ఎవరికో వంద వందల కట్ట ఒకటి ఎక్కువ ఇచ్చేశాను. సాయంత్రం పదివేలు తేడా. ఆ రోజుల్లో అది నా నెల జీతం కంటే ఎక్కువ. క్యాషియర్‌కి తేడా వస్తే క్యాషియరే కట్టాలి. పీఎఫ్ లోను పెట్టి కట్టాను. ఆ మాట వల్లే ఈ తేడా వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. కానీ ఆ కట్ట ఎవరికిచ్చానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు, ఆ పెద్దమనిషి చొక్కా రంగు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

నువ్వూ ఈమధ్య కాల్స్‌లో పాలసీ నంబర్లు తప్పుగా ఎక్కిస్తున్నానని, మార్కులు కోస్తున్నారని అన్నావు కదా. "నాకు బుర్ర పనిచెయ్యట్లేదు పెద్దమ్మా" అన్నావు. బుర్ర బాగానే ఉంది, సగం వేరే డ్యూటీలో ఉంది.

తేడా సంగతి వచ్చింది కాబట్టి మా క్యాషియర్ల చిట్కా ఒకటి చెబుతా, వింత కాదు, లెక్కే. సాయంత్రం తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే, ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 540 రాయాల్సిన చోట 450 రాస్తే తేడా 90. అలా కాకపోతే, ఒకరి ఖాతాలో పడాల్సింది ఇంకొకరి ఖాతాలో పడిందేమో చూడాలి. తప్పు పోస్టింగు. ఈ రెండోది నేను ఇంట్లో ఎన్నిసార్లు చేశానో! కౌంటర్లో ఆ పెద్దమనిషి ఖాతాలో పడాల్సిన కోపం మా చిన్నాడి ఖాతాలో పడేది. వాడు స్కూలు బూట్లు గుమ్మంలో వదిలితే వీపు చిట్లగొట్టిన రోజులున్నాయి. బూట్లకి అంత కోపం ఉంటుందా? ఆ మొత్తం చూస్తేనే తెలియాలి, ఇది ఈ ఖాతాది కాదని. పండక్కి నువ్వు పాలు పొంగిపోయాయని స్టవ్ ముందు నిలబడి ఏడ్చావు. పావు లీటరు పాలకి పడే కన్నీళ్లు కావవి.

నేను చేసిన అసలు తప్పు కౌంటర్లో దాచుకోవడం కాదు. కౌంటరు మూశాక కూడా దాచుకునే ఉండడం. మొహం తీసి ఎక్కడా పెట్టలేదు. ఇంటికొచ్చి అదే మొహంతో వంట చేశాను, అదే మొహంతో మీ పెదనాన్నకి "బానే జరిగింది" అన్నాను, అదే మొహంతో పడుకున్నాను. ఇక పగలు లేని తీరిక రాత్రి పళ్లకి దొరికింది.

నోట్ల రద్దు రోజులు నీకు గుర్తుంటాయి, ఇంటరో ఏదో చదువుతున్నావు. 2016 నవంబరు 8 రాత్రి ప్రకటించారు, తొమ్మిదిన బ్యాంకులు మూసి పదిన తెరిచారు. తెల్లవారుజామున నాలుగింటికే మా బ్రాంచి మెట్ల మీద జనం. రోజుకో సర్క్యులరు. మార్చుకునే మొత్తం నాలుగు వేలన్నారు, నాలుగున్నర అన్నారు, రెండు వేలకి తగ్గించారు, వేలికి సిరా పెట్టమన్నారు. పెళ్లిళ్లకి ఖాతాలోంచి రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చన్నారు. ఒకాయన పసుపు రాసిన శుభలేఖ పట్టుకుని వచ్చాడు. కూతురి పెళ్లి నాలుగు రోజుల్లో. రూలు ప్రకారం ఆయనకి డబ్బు ఇవ్వాలి. మా దగ్గర ఆ పూటకి ఇవ్వడానికి డబ్బు లేదు. ఆయన అరవలేదు, తిట్టలేదు. శుభలేఖ కౌంటరు మీద పెట్టి, "మీరూ రండమ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లో తిట్టినవాళ్లందరినీ మర్చిపోయాను అమ్ములూ. ఆయన్ని మర్చిపోలేదు. కోపం మింగడం ఒక ఎత్తు. నీకు నమ్మకం లేని మాట నీ నోటితో నువ్వే చెప్పి, ఆ సిగ్గు మింగడం ఇంకో ఎత్తు. నీ పనిలో ఎక్కువగా అరగదీసేది ఆ రెండోదే అని నా అనుమానం. "ఇది పాలసీలో కవర్ కాదండీ" అని చెప్పేటప్పుడు నీ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో ఊహించగలను. దానికి ధ్యానం మందు కాదు. నీ చేతిలో ఉన్నంత మేరకి ఏదైనా నిజంగా చెయ్యడమే మందు. ఆయన వెళ్లిపోయాక నేను మేనేజరు దగ్గర కూర్చుని, పెళ్లిళ్లవాళ్ల పేర్లు ముహూర్తాల వరసన రాయించాను, మర్నాడు క్యాష్ బండి రాగానే ముందు వాళ్లకిచ్చాం. ఆయన్నీ కబురు పంపి పిలిపించాం. మొత్తం ఇవ్వలేకపోయాం, సగం ఇచ్చాం. ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

నీ దగ్గరా అలాంటి సందులు ఉంటాయి. క్లెయిమ్ కాదన్నవాళ్లు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. ఇదేమీ కంపెనీ రహస్యం కాదు, పాలసీ కాగితాల్లో వేసి ఉంటుంది. చాలామంది చదవరు, అంతే. "చింతిస్తున్నాం" అన్న మాటకి ముందో వెనకో ఈ ఒక్క వాక్యం చెప్పావనుకో, నీ గొంతులో ఉన్న మెత్తదనానికి ఒక ఆధారం దొరుకుతుంది.

అదే నోట్ల రోజుల్లో ఒక ముసలాయన నన్ను బాగా వేధించాడు. పింఛను ఇచ్చిన ప్రతిసారీ నోట్లు మూడుసార్లు లెక్కపెట్టి, వేళ్లతో కొలిచినట్టు తడిమి, నన్ను దొంగని చూసినట్టు చూసేవాడు. నాకు ఒళ్లు మండేది, పెదాలు నవ్వేవి. ఒకరోజు కొత్త ఐదొందల కాగితం పట్టుకుని "ఇది యాభయ్యే కదా" అన్నాడు. అప్పుడు వెలిగింది, ఆయనకి కళ్లు సరిగ్గా కనబడవు. జీవితమంతా నోటు సైజుని బట్టి గుర్తుపట్టాడు. పాత ఐదొందలు పొడుగ్గా ఉండేది. కొత్తది 150 మిల్లీమీటర్లే, పాత యాభైకి మూడు మిల్లీమీటర్ల తేడా. నన్ను అనుమానించడం కాదు, ఆయన చేతులే ఆయనకి అబద్ధం చెబుతున్నాయి. ఆ తర్వాత ఆయనొస్తే నేను నవ్వు అతికించుకోవాల్సిన పని లేకపోయింది, ఒక్కో కాగితం చేతిలో పెట్టి పేరు చెప్పేదాన్ని. పైపైన నవ్వు అతికించుకున్నప్పుడు పట్టే అలసట, అవతలివాడి అవస్థ అర్థమై మాట మెత్తబడినప్పుడు పట్టదు. అయితే ఒక మాట. ఇది అందరి దగ్గరా పనిచెయ్యదు, రోజుకి డెబ్భై కాల్స్‌లో డెబ్భై మంది లోపలికి నువ్వు వెళ్లలేవు. నాలుగైదు చోట్ల వెళ్లగలిగితే చాలు.

ఇంకా కొందరి దగ్గర అసలు అక్కర్లేదు. బూతులు తిట్టేవాడి అవస్థ అర్థం చేసుకోమని నేను నీకు చెప్పను. ఒకసారి హెచ్చరించి ఫోను పెట్టెయ్యొచ్చని చాలా చోట్ల రాసే ఉంటుంది. మీ దగ్గర ఉందేమో మీ టీమ్ లీడర్‌ని అడుగు, నోటితో కాదు, మెయిల్‌లో. ఆఫీసులోవాళ్లే అసహ్యంగా ప్రవర్తిస్తే అది దాచుకునే బాధే కాదు. పదిమంది, అంతకు పైన పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013లో చట్టం చేశారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో అది లేదు. మేం "పోనీలే" అని ఊరుకున్నాం. ఆ ఊరుకోవడాన్ని ఓర్పు అని నీ తరానికి నేర్పకూడదని నా పట్టుదల.

నీ తరం చేసే ఇంకో పని నాకు నచ్చదు, చెబుతాను, తిట్టుకోకు. ఏం జరిగినా "స్ట్రెస్" అంటారు. మా తరం "టెన్షన్" అనేది. ఒక్క మాటలో అన్నీ కుక్కేస్తారు. మనకి ఎన్ని మాటలున్నాయే! ఉక్రోషం వేరు, ఉడుకుమోత్తనం వేరు. కినుక వేరు, కక్ష వేరు. దిగులు, బెంగ, చిన్నతనం, రోషం, విసుగు, జంకు. పేరు పెట్టిన బాధ కొంచెం తగ్గుతుందని మెదడు ఫొటోలు తీసి మరీ చూశారు శాస్త్రవేత్తలు. నాకు ఆ ఫొటోలు అక్కర్లేదు. ఉక్రోషమైతే రెండు వీధులు గబగబా నడిస్తే దిగుతుంది. చిన్నతనమనిపిస్తే నిన్ను పెద్దచేసే మనిషి దగ్గర కూర్చోవాలి. బెంగ అయితే ఇంటికి రావాలి. అన్నిటికీ స్ట్రెస్ అని పేరు పెట్టి ఫోనులో రీల్స్ చూస్తే ఏదీ దిగదు.

అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకో, రూళ్లది, ముప్ఫై రూపాయలది. మా భాషలో చిట్టా. రోజూ ఇంటికొచ్చాక మూడు నాలుగు వాక్యాలు: ఎవరు, ఏమన్నారు, నేనేం మింగాను, దాని పేరేంటి. లెడ్జరులాగా అందంగా ఉండక్కర్లేదు, కొట్టివేతలు ఉన్నా పర్లేదు. రాసి చించేసినా సరే. 1980ల్లో జేమ్స్ పెన్నెబేకర్ అనే ఆయన కాలేజీ పిల్లల చేత తమని కలచివేసిన సంగతి గురించి నాలుగు రోజులు, రోజుకి పావుగంట, దాచకుండా రాయించాడు. రాసిన రోజుల్లో దిగులు పెరిగింది, నీకూ అలాగే ఉండొచ్చు, భయపడకు. ఆ తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు అలా రాయని పిల్లల కంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. బ్యాంకులో ఏ రోజు తేడా ఆ రోజే వెతికేవాళ్లం. రాత్రి పదైనా సరే. వారం పోయాక దొరకదు.

పనిలో ఉండగా అంటావా, పళ్ల డాక్టరు చెప్పిందే నీకూ చెబుతా. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు. నమిలేటప్పుడు తప్ప పై పంటికి కింది పంటితో పని లేదు. నీ మానిటర్ మూల ఒక బొట్టుబిళ్ల అంటించు. అది కంటబడినప్పుడల్లా దవడ వదులు చెయ్. ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదులు. వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అది ఒంటికున్న సహజ గుణం. మ్యూట్ బటన్ నొక్కి ఆ ఊపిరి వదిలెయ్. మాకు మ్యూట్ లేదు, స్టాంపు గట్టిగా కొట్టేవాళ్లం.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కునే లోపలికి రా. అమ్మమ్మ ఎందుకు చెప్పేదో ఏమో, నాకు మాత్రం రిటైరయ్యే ముందు రెండేళ్లు అది బాగా పనికొచ్చింది. పంపు దగ్గర ఆ రెండు నిమిషాలు కౌంటరు మొహం తీసేసేదాన్ని. ఫ్లాట్‌లో పంపు బయట ఉండదు కదా అనకు, బాత్‌రూమ్ ఉంది.

ఇవేవీ పనిచెయ్యక, రెండు మూడు వారాలు నిద్ర రాకపోయినా, తిండి మీదికి మనసు పోకపోయినా, ఎందుకీ బతుకు అన్నట్టు అనిపించినా, అప్పుడు నా చిట్కాలు పక్కన పడేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేనూ వస్తాను. అర్ధరాత్రయితే 14416కి ఫోను చెయ్. టెలీ మానస్, ప్రభుత్వానిది, 2022 నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నీలాగే అవతల కూడా ఎవరో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుని ఉంటారు, వాళ్ల మీద జాలిపడి "బానే ఉన్నాను" అనకు.

ఎక్కడైనా ఏడవడానికి వీలున్న చోటు ఒకటి ఉండాలి మనిషికి. నాకు నాలుగేళ్లు భలే కుదిరింది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర్లో పనిచేశాను కదా. ఫిబ్రవరి నుంచి సీజను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే ఆ ఘాటు బ్రాంచిలోకి కొట్టేది. మేనేజరు దగ్గర్నుంచి అటెండరు దాకా అందరికీ తుమ్ములే, అందరి కళ్లూ ఎర్రవే. ఆ నెలల్లో నేను కౌంటర్లోనే ఎన్నిసార్లు ఏడ్చానో. "ఘాటమ్మా ఘాటు" అని కస్టమర్లే నాకు మంచినీళ్లు తెచ్చిచ్చేవాళ్లు.

ఈ ఏటి మిరపకాయలు వచ్చే వారం వస్తున్నాయి, ఇరవై కేజీలు, తేజా రకం. ఎండబెట్టి తొడిమలు తీసి మిల్లుకి పంపాలి. మీ అమ్మకి నడుము నొప్పి, నా ఒక్కదాని వల్ల కాదు. నీ వీక్లీ ఆఫ్ ఎప్పుడో చెప్పు, ఇద్దరం డాబా మీద చాప వేసుకుని కూర్చుందాం. ఎవరి కళ్లల్లో నీళ్లు ఎందుకొచ్చాయని ఎవరూ అడగరు.

మీ పెద్దమ్మ